ఉత్తుత్తి కిరీటం

దేశ సుందరి పోటీలో కిరీటం రెండుసార్లు పెడతారు. రెండోసారి పెట్టేది టీవీలో అందరూ చూస్తారు. మొదటిసారి పెట్టేది అంతకు ముందు రోజు, ఖాళీ కుర్చీల ఎదుట, పనిబట్టల్లో ఉన్న ఒక మనిషి నెత్తిన. టీవీలో కనబడే అందాల రాణులు ఏటా మారేవారు. ఈ మొదటి కిరీటం మాత్రం ఎన్నేళ్ళయినా ఒకే తల మీదికి వచ్చేది. ఆవిడను హాల్లో అందరూ ఉత్తుత్తి రాణి అనేవారు. ముఖాన అన్నా నొచ్చుకునేది కాదు. "ఉత్తుత్తిదాన్నైనా రాణినే కదా. మీరు ఉత్తుత్తి మంత్రులు కూడా కారు" అని ఎదురు చురక అంటించేది.

ఆవిడ అసలు పని ఇస్త్రీ. వేదికకు ఎడమ పక్క తెర దాటగానే దుస్తుల గది. కిటికీ లేదు. ఒక గోడ పొడుగునా ఇనుప కడ్డీ, దానికి వేలాడే గౌన్లు, మధ్యలో నడుమెత్తు బల్ల, మూలన దర్జీ కుట్టుమిషను. వలగుడ్డకు వేడి తగిలితే ముడుచుకుపోతుంది. పూసలు కుట్టిన చోట గౌను తిరగేసి, తడిగుడ్డ పరిచి రుద్దాలి. శాటిన్ జోలికి పోకుండా దూరం నుంచే ఆవిరి పట్టి బుజ్జగించాలి. ఇవన్నీ చేరిన కొత్తల్లోనే ఎడమ బొటనవేలు కాల్చుకుని మరీ నేర్చుకుంది. ఆ వేలు మళ్ళీ పూర్తిగా తిన్నగా కాలేదు. చెయ్యి ఊపినా అది లోపలికి మడుచుకునే ఉండేది.

ఇంత చేసే మనిషి ఇంట్లో ఇస్త్రీపెట్టె ఉండేది కాదు. "రోజంతా దాని మొహమే చూస్తాను, ఇంటికొచ్చి కూడా దాని మొహమేనా?" అనేది. దేశమంతా చూసే గౌన్ల ముడతలు తీసే చేతులకు సొంత బట్టల ముడతలు కనబడేవి కావు. ఇంట్లో ఉండేది ఆవిడా, అక్క కూతురూను. అక్క పోయినప్పుడు ఆ పిల్లకు మాటలు కూడా సరిగా రావు. చంకనేసుకుని తెచ్చుకుంది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "ఏటా పట్టాభిషేకం అవుతోందిగా, ఇంకా పెళ్ళెందుకు?" అని నవ్వి తప్పించుకునేది. అలా తప్పించుకుంటూనే వయసు దాటించేసింది.

ఈ ఉత్తుత్తి పట్టాభిషేకం పెద్దావిడ పెట్టిన పద్ధతి. పోటీని మొదలుపెట్టిన మనిషి ఈ పెద్దావిడే. రిహార్సల్లో ఎవరో ఒకరి నెత్తిన కిరీటం పెడితే గానీ లైట్ల వాళ్ళకూ కెమెరాల వాళ్ళకూ పని కుదరదు. పోటీలో ఉన్న పిల్ల నెత్తిన పెడితే, మర్నాడు ఆ పిల్ల ఓడిపోతే దాని మొహం చూడలేం. గెలిస్తే ముందే అనుకుని పెట్టారని జనం అంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పెద్దావిడ అలా తలపట్టుకుని కూర్చున్నప్పుడు, చేతుల నిండా గౌన్లతో అటుగా పోతూ ఇస్త్రీ పిల్ల కనబడింది. "నువ్విలా రామ్మా" అని పిలిచింది. అంతే.

ఆ మొదటి రోజు మైకులో "విజేత... ఎవరో ఒకరు!" అన్నారు. పెద్దావిడే వచ్చి కిరీటం పెట్టింది. పైనుంచి రంగు కాగితాల ముక్కలు రాలాయి. చల్లటి లోహం తలకు తగిలిన ఆ క్షణంలో ఇస్త్రీ పిల్లకు గుండె గుభేలుమంది. కిరీటం చూసి కాదు, ఇస్త్రీపెట్టె ఆపి వచ్చానా లేదా అని. చటుక్కున ఎడమ పక్క తెర వైపు చూసింది. పొగ ఏమీ రాలేదు. అప్పుడు మెట్లు దిగి, ర్యాంప్ మీద నడిచి, బొటనవేలు మడిచిన చెయ్యి ఊపి, తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. "బాగానే ఉంది, పోయి పని చూసుకో" అన్నాడు స్టేజీ మేనేజరు.

మర్నాడు అసలు విజేత నెత్తిన కిరీటం పెట్టగానే ఆ పిల్ల కూడా చటుక్కున ఎడమ పక్కకు చూసింది. పేపర్ల వాళ్ళు దాన్ని ఎంత పొగిడారో! అది వినయమట. గెలుపు నమ్మలేక తల తిప్పుకున్న ముగ్ధత్వమట. తరవాతి ఏడాది విజేతా అటే చూసింది. ఆ మరుసటి ఏడాది విజేతా అంతే. చివరికి ఆ చూపుకు ఒక పేరే పడిపోయింది. శిక్షణ ఇచ్చేవాళ్ళు ఆడపిల్లలను అద్దాల ముందు నిలబెట్టి నేర్పేవారు. ఎంత నేర్పినా ఆ కంగారు మాత్రం ఎవరికీ వచ్చేది కాదు, కిరీటం తల తాకేవరకు.

ఆవిడకు అనుమానం వచ్చింది తుమ్ము వల్ల. ఒక ఏడాది కాగితం ముక్క ముక్కులోకి పోయి రిహార్సల్లో వరసగా తుమ్ములు వచ్చాయి. మర్నాడు విజేత కూడా సరిగ్గా అక్కడే తుమ్మింది. ఇంకొక ఏడాది ఆవిడ చెప్పు పట్టీ ఊడితే ఆ చెప్పు చేత్తో పట్టుకుని నడిచింది. మర్నాడు విజేత చెప్పూ ఊడింది. దర్జీతో చెప్పుకుంది. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు గానీ ఆవిడ అంటే అభిమానం.

"నువ్వు తుమ్మితే దేశ సుందరి తుమ్మింది. బావుంది. రేపు నేను దగ్గితే దేశాధ్యక్షుడు దగ్గుతాడేమో చూడు" అన్నాడు దారం కొరుకుతూ.

"నవ్వులాట కాదన్నా. నాకు భయంగా ఉంది."

"ఏడిశావ్. ఆ కుచ్చిళ్ళకు ఆవిరి పట్టు, గంటలో కావాలి."

ఆయన నవ్వు ఆగిపోయింది వార్షికోత్సవం నాడు. పాత రాణులందరినీ పిలిచి ఒకేసారి వేదిక ఎక్కించారు. జుట్టు నెరిసినవాళ్ళు, లావెక్కినవాళ్ళు, తల్లులైనవాళ్ళు. వాళ్ళలో ఒకరికొకరు పెద్దగా తెలిసినవాళ్ళు కూడా కారు. జనం చప్పట్లు కొట్టగానే అందరూ ఒక్కసారే ఎడమ చేతులు ఎత్తి ఊపారు. ప్రతి చేతికీ బొటనవేలు లోపలికి మడిచి ఉంది. తెర పక్క నుంచి చూస్తున్న దర్జీ మెళ్ళో టేపు జారి కిందపడినా వంగి తీసుకోలేదు. పక్కనున్న ఆవిడ చేతి వంక ఒకసారి చూశాడు. తరవాత వాళ్ళ మొహాల వంక చూడలేక గదిలోకి వెళ్ళిపోయాడు. ఆవిడ మాత్రం ఆ చేతులు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇంతమంది బతుకుల్లోకి తాను చెప్పాపెట్టకుండా దూరిపోయిందన్నమాట. ఏనాడూ ఎవరి గడపా తొక్కని మనిషికి ఆ ఆలోచనతో ఒళ్ళు జలదరించింది.

అయినా తుమ్ములూ చూపులూ ఎవరిని ఏం చేస్తాయి అని సరిపెట్టుకుంది. కిందటేడాది ఆ సరిపెట్టుకోవడం కూడా పోయింది. రిహార్సల్ నాడు కిరీటంతో దిగుతుంటే కళ్ళు తిరిగాయి. ఆఖరి మెట్టు తప్పి మోకాలి మీద పడింది. లేచి దులుపుకుంది, ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు విజేత అదే మెట్టు దగ్గర పడింది. ఆ పిల్ల అంత తేలిగ్గా లేవలేదు. ఎముక విరిగింది. అతుక్కున్నాక కూడా కర్ర లేకుండా నడవలేకపోయింది. ఆస్పత్రికి చూడ్డానికి వెళితే ఆ పిల్ల ఏడవలేదు. "పడతానని ముందే తెలుసండీ. ఎప్పుడో పడి లేచినట్టే ఉంది. కానీ లేవడమే రాలేదు" అంది. ఆవిడ తెచ్చిన పళ్ళు బల్ల మీద పెట్టి, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తన మోకాలు తానే తడుముకుంటూ బయటికి వచ్చేసింది.

ఈ ఏడాది పోటీలో అక్క కూతురు ఉంది. వద్దని ఎన్నివిధాల చెప్పినా విన్లేదు. చిన్నప్పటి నుంచి గౌన్ల కింద దూరి ఆడుకున్న పిల్ల అది. మెట్లు దిగడమంటే భయంతో కూర్చుని ఒక్కో మెట్టే జారుతూ దిగేది. సంతోషం వస్తే ఒంటికాలి మీద గెంతేది. నవ్వొస్తే బయటికి చప్పుడే వచ్చేది కాదు, భుజాలు మాత్రం ఊగేవి. ఆలోచిస్తున్నప్పుడు జడ చివర కొరికేది. పెద్దదై, పొడుగై, అందగత్తె అయ్యాక కూడా జడ కొరకడం పోలేదు.

"పిన్నీ, నువ్వు ఏటా గెలుస్తున్నావు. నన్నొక్కసారి గెలవనివ్వవా?" అంది.

ఆ మాటకు ఏ పిన్ని కాదంటుంది? కానీ కళ్ళు తిరగడం తగ్గలేదు. మోకాలు ఇంకా సలుపుతూనే ఉంది. తాను మళ్ళీ ఆ మెట్లు దిగి, మళ్ళీ పడి, ఈ పిల్ల గెలిస్తే? ఇంకొకరిని పెడితే వాళ్ళ కడుపులో ఏముందో, వాళ్ళ ఒంట్లో ఏ జబ్బుందో ఎవరికి తెలుసు? వారం రోజులు సరిగా తిండి తినలేదు. చివరికి పెద్దావిడ దగ్గరికి వెళ్ళింది.

"నేను చెయ్యనమ్మా ఈసారి. ఇంకెవరినీ కూడా పెట్టొద్దు. ఎవరూ లేకుండా చేయించండి. మనిషే లేకపోతే ఎవరి కీడూ ఎవరికీ అంటదు."

పెద్దావిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "బాగా ఆలోచించుకున్నావా?" అని మాత్రం అడిగింది.

"ఆలోచించే వచ్చానమ్మా."

అలాగే చేశారు. స్టేజీ మేనేజరు విసుక్కున్నాడు గానీ పెద్దావిడ మాటకు ఎదురు లేదు. రిహార్సల్ నాడు ఆవిడ దుస్తుల గది గుమ్మంలో నిలబడి చూసింది. మైకులో పిలుపు వినబడింది. కిందటేటి రాణి కర్ర ఆనించుకుని వచ్చి కిరీటాన్ని గాలిలో ఎత్తి పట్టుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే ఉండి, చివరికి కుర్చీ మీద పెట్టింది. కాగితం ముక్కలు ఎవరి మీదా పడకుండా నేల మీదికి రాలాయి. గుండ్రటి లైటు మెట్లు దిగింది, ఖాళీ ర్యాంప్ మీద మెల్లగా చివరిదాకా వెళ్ళింది, అక్కడ ఆగింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. కెమెరాలన్నీ తలలు తిప్పుతూ ఆ ఖాళీనే చూశాయి. ఎవరూ పడలేదు, ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదు. ఆవిడ హమ్మయ్య అనుకుంది. ఆ పూట కడుపునిండా తింది.

మర్నాడు అక్క కూతురే గెలిచింది.

పేరు పిలవగానే ఆ పిల్ల నోరు తెరిచి, రెండు చేతులతో చెంపలు పట్టుకుంది. అది తన పిల్లే. ఆవిడ తెర పక్కన నిలబడి ఏడ్చింది. కిరీటం తలను తాకింది. ఆ పిల్ల ఎడమ పక్కకు చూడలేదు. ఏ పక్కకూ చూడలేదు. చెంపల మీది చేతులు వాటంతటవే కిందికి జారాయి. మెట్లు దిగింది, నడిచింది, ఆగింది, తిరిగొచ్చింది. అడుగు తొణకలేదు, రెప్ప కొట్టుకోలేదు. రాలిన కాగితం ముక్క ఒకటి కంటి కొసన అంటుకుంటే దాన్ని తీసేసుకోలేదు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంత హుందాగా నడిచిన రాణి ఇంతవరకు లేదన్నారు. ఆవిడ ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. వెలుగు నడుస్తోంది, గౌను నడుస్తోంది, అందులో పిల్ల లేదు.

ఇంటికి తీసుకొచ్చాక కూడా అంతే. కూర్చోమంటే కూర్చుంది. కిరీటం తీసి ఒళ్ళో పెడితే ఒళ్ళో ఉంచుకుంది. టీ ఇస్తే కప్పు పట్టుకుంది, తాగలేదు. మొహం కడుగుదువుగాని రమ్మని అద్దం ముందుకు తీసుకెళితే, ఆ పిల్ల అద్దంలోకి చూసి, వెనక ఇంకెవరో ఉన్నట్టు మర్యాదగా పక్కకు తప్పుకుంది. పేరు పెట్టి పిలిచింది ఆవిడ.

"ఎవరిని?" అంది పిల్ల. గొంతులో బెరుకు లేదు, బాధ లేదు. అడగాలి కాబట్టి అడిగినట్టుంది.

తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందంటారు. ఇక్కడ దైవం మీదికి నెట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు. ఆలోచించిందీ తనే, అడిగిందీ తనే. పడితే కాలు విరిగేది, కర్రతోనైనా తనను పిన్నీ అని పిలిచేది. ఆ రాత్రి ఆ పిల్ల పక్కన కూర్చుని ఆవిడ కుళ్ళి కుళ్ళి ఏడ్చింది. పిల్ల వింటున్నట్టు తల వంచి కూర్చుంది.

తెల్లవారగానే పెద్దావిడకు ఫోను చేసి, ఇంకొక్కసారి కిరీటం పెట్టుకుని నడుస్తానని అడిగింది. అవతల గొంతు తడబడలేదు. "మొదటి ఏడాదే చూశాను నీ చూపు. అందుకే ఇన్నేళ్ళూ ఇంకొకర్ని పెట్టలేదు. నీ మనసు మంచిది, అది ఎవరికంటినా ఫరవాలేదు అనుకున్నాను. వేదిక విప్పుతున్నారు, తొందరగా వెళ్ళు." పిల్ల ఒళ్ళోంచి కిరీటం తీసుకుంటుంటే వేళ్ళు అడ్డం రాలేదు. దాన్ని తువ్వాల్లో చుట్టి చంకన పెట్టుకుని, పక్కింటావిడను పిల్ల దగ్గర కూర్చోబెట్టి హాలుకు పరుగెత్తింది.

దారిలోనే అనుకుంది, ఈసారి తన నడక నడవకూడదని. ఇన్నేళ్ళూ తన చూపు, తన తుమ్ము, తన వేలు అందరికీ పంచింది. ఈ పిల్లకు కావలసింది పిన్ని కాదు. ఈ పిల్లకు ఈ పిల్లే కావాలి. అది ఎక్కడుందో, ఎలా ఉంటుందో తెలిసిన మనిషి లోకంలో తానొక్కతే.

హాల్లో వడ్రంగులు వెనక గోడ విప్పేశారు. మెట్లు, ర్యాంప్ ఇంకా ఉన్నాయి. దర్జీ మిషను మీద గుడ్డ కప్పుతున్నాడు. ఆవిడ మొహం చూసి ఆ గుడ్డ పక్కన పడేసి వచ్చాడు.

"అన్నా, నువ్వు మైకులో పిలవాలి. ఎవరో ఒకరు అనకు. దాని పేరు పిలువు."

మైకు లేదు. దర్జీ చేతులు నోటి దగ్గర దొన్నెలా పెట్టుకుని ఆ పిల్ల పేరు గట్టిగా పిలిచాడు. వడ్రంగులు సుత్తులు ఆపారు. ఆయన కిరీటం ఆవిడ తల మీద పెట్టాడు. ఆవిడ ఒంటికాలి మీద గెంతింది. సలిపే మోకాలితో, నెరిసిన జుట్టుతో గెంతింది. జుట్టు ముందుకు లాక్కుని జడ చివర కొరికింది. మెట్ల దగ్గరకొచ్చి కూర్చుండిపోయి, ఒక్కో మెట్టే జారుతూ దిగింది. ఒక వడ్రంగి పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఆవిడకూ నవ్వొచ్చింది, చప్పుడు రానివ్వకుండా భుజాలు ఊపుతూ నవ్వింది. చివరిదాకా వెళ్ళి కుడి చెయ్యి, వేళ్ళన్నీ విప్పి ఊపింది. తిరిగొచ్చి కుర్చీలో కూలబడింది. అంతా ఆ పిల్లే. కిరీటం తలను తాకిన ఆ ఒక్క లిప్తలో తప్ప. అది ఆవిడకు తెలియలేదు. దర్జీ చూశాడు, కానీ ఆ కష్టం చూశాక చెప్పడానికి నోరు రాలేదు.

ఇల్లు మూడో అంతస్తులో. కింద గుమ్మంలో అడుగు పెట్టగానే పైన ఏదో ధబ్ ధబ్ మని చప్పుడు వినబడింది. ఆవిడ తలెత్తి చూసింది. అక్క కూతురు మెట్ల మీద కూర్చుని ఒక్కో మెట్టే జారుతూ దిగుతోంది. వెనకాల పక్కింటావిడ "పడతావే, పడతావే" అంటూ వస్తోంది.

"పిన్నీ! ఎక్కడికి పోయావు? ఆకలి దంచేస్తోంది" అంది పిల్ల.

ఆవిడ ఆ మెట్ల మీదే కూలబడి పిల్లను గుండెకు హత్తుకుంది. జుట్టు వాసన చూసింది, చెవులు తడిమింది, పేరు పెట్టి పదే పదే పిలిచింది. పిలిచినప్పుడల్లా పిల్ల "ఊఁ" అంది. ఇంత సంతోషం ఆవిడ జన్మలో ఎరగదు. పైకి వెళ్ళి కోడిగుడ్లు పగలగొట్టి, రొట్టె కాల్చి పెడితే పిల్ల ఆవురావురుమని తింటూ ఒకటే కబుర్లు. కిరీటం ఎంత బరువో, గౌను నడుం దగ్గర ఎలా పొడిచిందో, పక్కన నిలబడ్డ అమ్మాయి ఏడుపెలా దిగమింగిందో చెబుతూ, భుజాలు ఊపి నవ్వింది. ఆవిడ చెంప కింద చెయ్యి పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుంది.

నవ్వుతున్న పిల్ల మధ్యలో ఆగిపోయింది. ముద్ద నోటి దగ్గరే ఉంది. చటుక్కున ఎడమ పక్క గోడ వైపు చూసింది, మొహంలో నిజమైన కంగారుతో.

"పిన్నీ, ఇస్త్రీపెట్టె ఆపావా?"

ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె ఎప్పుడూ లేదు. ఆవిడ, రొట్టె పట్టుకున్న పిల్ల ఎడమ చేతి వంక చూసింది. బొటనవేలు లోపలికి మడిచి ఉంది.

"ఆపానమ్మా. తిను" అంది.

పిల్ల మొహం తేటపడింది, మళ్ళీ కబుర్లలో పడింది. ఆవిడ మాత్రం లేచి, నీళ్ళ కోసమన్నట్టు వెళ్ళి, ఆ గోడ మీద స్విచ్చి ఆపి ఉందో లేదో చూసి వచ్చింది.